రెండు పెట్రోమాక్స్ లైట్లు: ఒకటి వెలిగించాను, ఒకదానికి నేనే కన్నం పెట్టాను

పోయిన వేసవిలో భీమవరం దగ్గర పల్లె నుంచి ఒకాయన రెండు పెట్రోమాక్స్ లైట్లు గోనెసంచిలో పెట్టుకుని, పాత లైట్లు బాగుచేసే నా దగ్గరికి వచ్చారు. వాళ్ల తాతగారు ఒకప్పుడు పెళ్లిళ్లకీ, బుర్రకథలకీ, వీధినాటకాలకీ లైట్లు అద్దెకి ఇచ్చేవారట. ఆరు ఉండేవి, ఇప్పుడు రెండే మిగిలాయి. రెండూ ఒకే రకం, 500 క్యాండిల్ పవర్ 829 మోడల్, ట్యాంకు మీద మేడ్ ఇన్ జర్మనీ అని అచ్చు స్పష్టంగా కనిపిస్తోంది. శ్రావణంలో కూతురి పెళ్లి, ఊరేగింపులో ఈ రెండూ వెలగాలి, అదీ ఆయన కోరిక.

ఒకటి నల్లగా మసి పట్టి, హ్యాండిల్ వంకరపోయి, గ్లాసు కూడా లేకుండా ఉంది. రెండోది తళతళలాడుతోంది. "దీనికి పెద్ద పని ఉండదండి, మా అబ్బాయి హైదరాబాద్‌లో పాలిష్ సీసా కొని రెండు రోజులు కూర్చుని తోమాడు. వాషరొకటి మార్చి వెలిగించేస్తే చాలు. ఆ నల్లదాని సంగతే మీరు చూడాలి" అన్నారు.

పని మొదలుపెట్టే ముందు నేను ఎవరినైనా ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతాను: ఇన్నేళ్లూ ఇది ఎక్కడ ఉంది? నల్లది ఇంట్లో భోషాణంలో గుడ్డలో చుట్టి ఉందట. మెరిసేది గొడ్లపాక అటక మీద ఉందట, పాతికేళ్లో ముప్పై ఏళ్లో. ఆ మాట వినగానే మెరిసేదాన్ని బల్లకి ఆ చివర, విడిగా పెట్టాను. ఎందుకో ఆయనకి అప్పుడు చెప్పలేదు, పరీక్ష చేయకుండా చెప్పడం నాకు ఇష్టం ఉండదు. ఇక్కడ మాత్రం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ కేసు అంతా దాని చుట్టూనే తిరిగింది.

పాత లైటు అనగానే చాలామంది మసి, చిలుము, మురికి వైపే చూస్తారు. నేను ముందు ట్యాంకు చూస్తాను. హరికేన్ లాంతరు వేరు, పెట్రోమాక్స్ వేరు. లాంతర్లో కిరోసిన్ వత్తి పట్టుకుని మెల్లగా పైకి వస్తుంది. పెట్రోమాక్స్‌లో మనం పంపు కొట్టి ట్యాంకులో గాలి నింపుతాం, ఆ గాలి కిరోసిన్‌ని పైన కాలుతున్న జనరేటర్ గొట్టంలోకి నెడుతుంది, అక్కడ అది ఆవిరై, నిప్పిల్ అనే చిన్న మూతి సన్నటి రంధ్రంలోంచి దూకి, గాలితో కలిసి, వల సంచిలా ఉండే మాంటిల్‌లో మండుతుంది. ఈ మోడల్‌కి గేజ్ మీద ఎర్ర గీత దగ్గర ఉండే ప్రెషర్ 2 బార్, అంటే సుమారు 30 పీఎస్‌ఐ. కారు టైర్లో ఉండే గాలి అంత. ఒక లీటరు కిరోసిన్, కారు టైరంత ప్రెషర్, దానికి జానెడు పైన నిప్పు. పగిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

నాకు ఈ భయం ఊరికే రాలేదు. మాది పంపు స్టవ్‌ల రిపేరు కుటుంబం, నాన్న స్టవ్ పిన్నులు, వాషర్లు మారుస్తూనే మమ్మల్ని చదివించారు. నేను లైట్ల పనిలోకి వచ్చిన కొత్తలో ఒక లైటుని అద్దంలా మెరిపించాను. తిరిగి ఇచ్చే ముందు ఒకసారి చూద్దామని పంపు కొడుతుంటే అడుగున సన్నగా చీలి కిరోసిన్ నా చేతుల మీదికి, చొక్కా మీదికి చిమ్మింది. జనరేటర్‌ని ముందు వేడెక్కించడానికి కింద చిన్న కప్పులో స్పిరిట్ పోసి మండిస్తాం, అప్పటికి అది వెలిగించలేదు, అంతే. ఇంకో రెండు నిమిషాలు ఆగి ఉంటే కప్పులో మంట ఉండేది. ఆ రోజు నుంచి మెరుగు పని చివరికి జరిపాను, ట్యాంకు పరీక్ష ముందుకి తెచ్చాను.

ఇప్పుడు గొడ్లపాక సంగతి. పెట్రోమాక్స్ ట్యాంకు ఇత్తడి, దాని మీద నికెల్ పూత. ఇత్తడి రేకుని లాగి, సాగదీసి ఆ గుండ్రటి ఆకారం తెస్తారు కాబట్టి ఆ బిగువు లోహంలో ఎప్పటికీ ఉండిపోతుంది, ముఖ్యంగా అడుగు మడత దగ్గర, కిరోసిన్ పోసే మూతి దగ్గర. అలా బిగువులో ఉన్న ఇత్తడికి అమ్మోనియా తగిలితే, పైగా చెమ్మ కూడా ఉంటే, పైకి ఏమీ కనిపించకుండా లోపల లోపల వెంట్రుకవాసి బీటలు వస్తాయి. ఇది తెలిసింది కూడా మన దేశంలో జరిగినదాని వల్లే. బ్రిటిష్ వాళ్ల కాలంలో సైన్యం ఇత్తడి తూటాలని వానాకాలం గుర్రాల సాలల్లో దాచేది. వానలు అయ్యాక చూస్తే తొడుగులు బీటలు వారి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాయే కారణమని, లోహంలోని బిగువుతో కలిసి అది ఈ పని చేస్తుందని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు తేల్చారు. వానలకి వచ్చిన పగులు కాబట్టి ఇంగ్లిషులో దానికి సీజన్ క్రాకింగ్ అనే పేరు స్థిరపడింది. గుర్రాల సాల అయినా మన గొడ్లపాక అయినా ఒకటే, ఆవు మూత్రం నిలవ ఉంటే వచ్చే ఆ ఘాటు అమ్మోనియాదే. ఆ గాల్లో, పైన తాటాకు కప్పు, కింద పేడ చెమ్మ, పాతిక వానాకాలాలు గడిపింది ఈ లైటు.

అది చాలదన్నట్టు పాలిష్. సీసాల్లో వచ్చే ఇత్తడి పాలిష్‌లలో చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది, మూత తీయగానే ముక్కుకి కొట్టే ఘాటు అదే. గుమ్మానికి ఉన్న ఇత్తడి గడియకి రాస్తే నష్టం లేదు. ప్రెషర్ పట్టాల్సిన పాత ట్యాంకుకి రాయొద్దు, ముఖ్యంగా నికెల్ అరిగి పసుపు ఇత్తడి బయటపడ్డ చోట అసలే వద్దు. ఆ అబ్బాయి తాతల నాటి వస్తువు మీద ప్రేమతో రెండు రోజులు తోమాడు, తప్పు పట్టడానికి లేదు. ఆ సీసా మీద ఈ సంగతి రాసి ఉండదు.

రెండు లైట్లనీ ఒకే వరసలో విప్పాను. ముందు గాలి స్క్రూ వదులు చేసి ప్రెషర్ ఏమీ లేదని చూసుకున్నాను. ముప్పై ఏళ్లు మూల పడి ఉన్నా సరే, ఈ ఒక్క పని మానకండి. తర్వాత లోపల మిగిలిన పాత కిరోసిన్ ఒంపితే నల్లదాంట్లోంచి తేనెలా చిక్కటి గోధుమరంగు మట్టు దిగింది, వాసన కూడా మారిపోయింది. మెరిసేదాంట్లో ఏమీ లేదు, ఎండిపోయింది.

మురికి వదలగొట్టడానికి ముందు చేతికి గ్లవుజులు, ముక్కుకి మాస్కు పెట్టుకున్నాను, మసి కోసం కాదు. కిరోసిన్ దారిని తెరిచి మూసే కంట్రోల్ స్పిండిల్ దగ్గర, లీకు ఆపడానికి చుట్టిన పాత ప్యాకింగ్ తెల్లగా, పీచుగా ఉంది. పాత లైట్లలో ఆ పీచు ఆస్‌బెస్టాస్ అయి ఉండే అవకాశం ఎక్కువ, అది పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం. దాన్ని పొడిగా ఉన్నప్పుడు గీకకూడదు, ఊదకూడదు. నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి బాగా తడిపి, తడిగానే చిన్న కొక్కెంతో లాగి, కవర్లో వేసి మూతి కట్టేశాను. దాని స్థానంలో గ్రాఫైట్ ప్యాకింగ్ పెట్టాను.

భోషాణంలో లైటుతో పాటు పాత మాంటిల్ ప్యాకెట్లు కూడా నాలుగు దొరికాయి, ఆయన ఎంతో అపురూపంగా తెచ్చారు. నేను వాడనన్నాను. మాంటిల్ కనిపెట్టింది ఆస్ట్రియాకి చెందిన కార్ల్ ఆవర్, మొదటి పేటెంట్ 1885లో. తర్వాత ఆయనే కుదిర్చిన మిశ్రమం దాదాపు 99 పాళ్లు థోరియం, ఒక పాలు సీరియం. ఆ తెల్లటి వెలుగంతా దానివల్లే. ఆ థోరియం మోనజైట్ ఇసుక నుంచి వస్తుంది, కేరళ తీరంలోనూ మన భీమిలి, శ్రీకాకుళం తీరాల్లోనూ ఆ ఇసుక ఉంది. థోరియానికి కొద్దిగా రేడియోధార్మికత ఉంటుంది. ప్యాకెట్లో ఉన్నంతసేపు భయపడాల్సింది లేదు, కానీ ఒకసారి కాలాక మాంటిల్ అంటే పొడి బూడిదే, విరిగిన మాంటిల్ని ఉఫ్‌మని ఊదడం మనవాళ్లకి అలవాటు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు. ఇప్పుడు యిట్రియంతో చేసినవి దొరుకుతున్నాయి, వెలుగు కాస్త తక్కువైనా అవే వాడుతున్నాను.

ట్యాంకు లోపల కడగడానికి కొత్త కిరోసిన్ ఒక గ్లాసు పోసి, చిన్న స్టీలు నట్లు ఇరవై వేసి, మూత బిగించి ఒక పది నిమిషాలు ఊపాను. నట్లు లెక్కపెట్టి వేయాలి, లెక్కపెట్టి తీయాలి, ఒకటి లోపల ఉండిపోతే జీవితాంతం గలగలమంటుంది. మట్టు వదలకపోతే రాత్రంతా నానబెట్టడమే. మధ్యలో ఎవరో పెట్రోల్‌తో కడిగితే త్వరగా పోతుంది కదా అన్నారు. పోతుంది, కానీ నా షాపులో లైటు దగ్గరికి పెట్రోల్ రానివ్వను. కిరోసిన్ ఆవిరి నిప్పు అందుకోవాలంటే దాదాపు 35 డిగ్రీల పైన వేడెక్కాలి, పెట్రోల్‌కి గడ్డకట్టే చలి చాలు. ట్యాంకులో మిగిలిన కాస్త పెట్రోల్ కిరోసిన్‌లో కలిసినా ఆ తేడా పోతుంది, లైటు బాంబులా తయారవుతుంది.

బయటి మసికి గోరువెచ్చటి నీళ్లలో కుంకుడుకాయ రసం, మెత్తటి గుడ్డ, పాత పళ్ల బ్రష్, అంతే. నికెల్ పూతకి అది సరిపోతుంది. చింతపండు నేను పూత లేని చిన్న ఇత్తడి భాగాలకి మాత్రమే, ఒకట్రెండు నిమిషాలు రాసి కడిగేస్తాను. రాత్రంతా పులుసులో నానబెడితే ఇత్తడిలో జింకు కరిగి పైన గులాబీరంగు రాగి పొర మిగులుతుంది, కొందరు దాన్ని చూసి శుభ్రమైందనుకుంటారు. బఫింగ్ చక్రం ట్యాంకుకి పెట్టను. రేకు పలచబడుతుంది, పైగా బీటలు ఉంటే వాటి అంచులు పూడుకుపోయి కంటికి కనిపించవు.

ఇక పరీక్ష. మొదటిది పాతకాలపు రేకుపనివాళ్ల పద్ధతి. ట్యాంకులో కిరోసిన్ నింపి, బయట అంతా సుద్ద నీళ్లలో కలిపి పలచగా పూసి, ఆరాక ఒక రాత్రి వదిలేయాలి. పంపు కొట్టక్కర్లేదు. కిరోసిన్ ఎంత సన్నటి సందులోకైనా పాకుతుంది, ఎక్కడ బయటికి వస్తే అక్కడ సుద్ద మీద మరక కనిపిస్తుంది. తెల్లారి చూస్తే నల్లది తెల్లగానే ఉంది. మెరిసేదానికి అడుగు మడత మీదుగా, బొటనవేలి గోరంత పొడవున, పెన్సిల్‌తో గీసినట్టు ఒక గీత. పొడి గుడ్డతో తుడిచి భూతద్దంతో చూస్తే ఏమీ లేదు. మళ్లీ సుద్ద పూస్తే గంటలో మళ్లీ అదే చోట అదే గీత.

రెండో పరీక్ష నీళ్లతో. ట్యాంకు నిండా, గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, ప్లంబర్లు పైపులు పరీక్షించే చేతిపంపు తగిలించి, పక్కన సరైన గేజ్ పెట్టి మెల్లగా ప్రెషర్ పెంచాను. గాలితో ఎందుకు చేయకూడదంటే, గాలి అణిగి స్ప్రింగులా ఉంటుంది, ట్యాంకు చీలితే ముక్కలు ఎగురుతాయి. నీరు అణగదు, చీలితే చిమ్మి ఊరుకుంటుంది. నల్లదాన్ని 3 బార్ వరకు తీసుకెళ్లి, అంటే పని ప్రెషర్‌కి ఒకటిన్నర రెట్లు, అరగంట ఉంచాను. ముల్లు కదల్లేదు. మెరిసేది 1 బార్ దాటకముందే అడుగు మడత దగ్గర చెమట పట్టినట్టు తడిసింది, 1.5 దగ్గర చుక్కలు రాలడం మొదలైంది. అక్కడే ఆపేశాను. ఆ ముందు గంటలో నాకున్న టెన్షన్ అప్పుడు పోయింది, ఇక సందేహం లేదు కాబట్టి.

ఆయనకి ఫోన్ చేస్తే మొదటి మాట, "టంకం పెట్టేయండి మేస్త్రీ గారూ, పాత రోజుల్లో పెట్టేవారు కదా". పెట్టేవారు, నిజమే, మా నాన్న కూడా గిన్నెలకీ, బిందెలకీ పెట్టారు. కానీ ఈ బీట ఒక చోట పడ్డ చిల్లు కాదు. అమ్మోనియా తిన్న లోహంలో కనిపించిన బీట ఒకటైతే కనిపించనివి పక్కన ఎన్ని ఉన్నాయో తెలియదు, టంకం పెట్టడానికి వేడి చేస్తే బిగువు కదిలి బీట ఇంకా పాకొచ్చు. మెత్తటి టంకం గిన్నెలో నీళ్లు ఆపుతుంది, 2 బార్ ప్రెషర్ కింద పైన మండుతున్నప్పుడు దాన్ని నేను నమ్మను. ఊరేగింపులో దాన్ని మోసేది ఎవరో ఒక మనిషి, నెత్తి మీద పెట్టుకుని. ఆ మాట అన్నాక ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నల్లదాని మీద పని సాగింది. ముందు ఎవరో చేసిన రిపేరులో మూతకి సైకిల్ ట్యూబ్ కత్తిరించి వాషర్ వేశారు, అది కిరోసిన్‌కి ఉబ్బి జిగురుగా అయిపోయింది. సహజ రబ్బరు కిరోసిన్‌కి ఆగదు, నైట్రైల్ గానీ వైటాన్ గానీ, అంటే కృత్రిమ రబ్బరు వాడాలి, నేను వైటాన్ వేశాను. పంపు తోలు వాషర్ ఎండి అప్పడంలా పెళుసుగా ఉంది, కొత్తది తెచ్చి కొబ్బరి నూనెలో ఒక రోజు నానబెట్టి వేశాను. పంపు అడుగున ఉండే వాల్వు తీయడం ఈ పనిలో అన్నిటికంటే మొండిది, సరిగ్గా పట్టే పానా లేకుండా స్క్రూడ్రైవర్‌తో తిప్పితే గాడి చెడి ఇక ఎప్పటికీ రాదు. రెండు రోజులు నూనె పెట్టి, వేడినీళ్లు పోసి, మూడో రోజు తీశాను. లోపలి చిన్న రబ్బరు ముక్క రాయిలా గట్టిపడింది. వాల్వు సరిగా మూయకపోతే కిరోసిన్ పంపు గొట్టంలోకి వెనక్కి వస్తుంది, హ్యాండిల్ తనంతట తాను పైకి లేస్తుంది. అలా లేస్తున్న లైటు ఎవరి దగ్గరైనా ఉంటే ఈ రాత్రికి వెలిగించకండి.

జనరేటర్ గొట్టం లోపల బొగ్గులా పేరుకుపోయింది. కాల్చి, దులిపి వాడేవాళ్లు ఉన్నారు, నేనూ ఒకప్పుడు చేశాను, కానీ ఇన్నేళ్లది కాబట్టి కొత్తది వేశాను. నిప్పిల్, పిన్ను కూడా కొత్తవే. పింగాణీ నాజిల్ పగలలేదు, అది ఉంచాను. గ్లాసు బదులు అభ్రకం చిమ్నీ కుదిర్చాను. నెల్లూరు, గూడూరు వైపు గనుల్లో ఒకప్పుడు విరివిగా తీసిన అభ్రకమే ఇలాంటి వాటికి వెళ్లేది. మాంటిల్‌కి కన్నం పడి మంట సూటిగా తగిలినా, వాన చుక్క పడినా గ్లాసులా ఫట్‌మని పగలదు. ఊరేగింపుకి అదే నయం.

ఆషాఢం చివర్లో ఒక సాయంత్రం, ఆయన్నీ వాళ్లమ్మగారినీ పిలిచి, షాపు బయట ఖాళీ స్థలంలో వెలిగించాను. పక్కన బకెట్ ఇసుక, తడి గోనె, నీళ్లు కాదు. ట్యాంకు ముప్పావు వంతే నింపాలి, పైన గాలికి చోటు ఉండాలి. కొత్త మాంటిల్ కట్టి, స్పిరిట్ కప్పు నింపి అంటించాను. తర్వాత ఇంకో కప్పు, కానీ కప్పు చల్లారక ముందే పోయకూడదు కాబట్టి మంట ఆరనిచ్చి, కప్పు కాస్త చల్లబడ్డాక పోసి మళ్లీ వెలిగించాను. జనరేటర్ సరిగా కాగకుండా తెరిస్తే ఆవిరి బదులు పచ్చి కిరోసిన్ పైకి చిమ్మి పసుపు మంట గుప్పుమంటుంది. అలా అయితే కంగారు పడి ఊదొద్దు, నీళ్లు పోయొద్దు, కంట్రోల్ మూసి, ముఖం పక్కకి పెట్టుకుని గాలి స్క్రూ విప్పేస్తే ప్రెషర్ పోయి మంట తగ్గిపోతుంది. ఆ సాయంత్రం అవసరం రాలేదు. పది పన్నెండు సార్లు పంపు కొట్టి తెరవగానే మాంటిల్ ముందు నల్లబడి, ముడుచుకుని, ఒక్క క్షణంలో తెల్లగా ఉబ్బింది. మెల్లగా పంపు కొడుతూ ఎర్ర గీత దాకా తెచ్చాను. ఆ బుస్సుమనే చప్పుడు మొదలయ్యాక వాళ్లమ్మగారు కుర్చీ లాక్కుని కాస్త దూరంగా కూర్చుని, "ఈ చప్పుడు విని ఎన్నాళ్లయిందిరా, మీ తాత దీన్ని మోసేవాళ్లకి కల్లు తాగి రావద్దని మరీమరీ చెప్పేవాడు" అన్నారు. గంటసేపు వెలిగించాను, మధ్యలో రెండుసార్లు పంపు కొట్టాల్సి వచ్చింది, కొత్త తోలుకి అది మామూలే. ఆర్పి, గాలి వదిలి, చల్లారాక అన్ని జాయింట్లూ మళ్లీ సుద్దతో చూశాను. పొడిగానే ఉన్నాయి.

మిగిలింది మెరిసేది. ఊరికే బొమ్మగా పెట్టుకోండని ఇచ్చేస్తే, నాకు బాగా తెలుసు, రెండేళ్ల తర్వాత ఎవరో మేనల్లుడు కిరోసిన్ పోసి పంపు కొడతాడు. చీటీ అంటిస్తే ఊడిపోతుంది. అందుకని ఆయన్ని అడిగాను, అడుగున కన్నం పెడతానని. మూడు రోజులు ఒప్పుకోలేదు, తాతగారి వస్తువుకి కన్నమా అని. బాధ అర్థమైంది, నాకూ ఆ జర్మన్ ట్యాంకుకి డ్రిల్ పెట్టడం ఇష్టం కాదు. చివరికి వాళ్లమ్మగారే పెట్టేయమన్నారు. అడుగు మధ్యలో పావు అంగుళం కన్నం, అంచు ఆకురాయితో నున్నగా చేసి, అందులోంచే సన్నటి వైరు పైకి తీసి, మాంటిల్ ఉండే చోట పసుపు వెలుగు ఇచ్చే ఎల్‌ఈడీ బల్బు, ట్యాంకు కింద చిన్న బ్యాటరీ పెట్టి ఇచ్చాను. జనరేటర్, పిన్ను, నిప్పిల్ తీసి విడిగా కవర్లో వేసి చేతికిచ్చాను, వాళ్ల వస్తువులు వాళ్ల దగ్గరే ఉండాలి.

పెళ్లికి నన్నూ పిలిచారు, వెళ్లాను. నల్లది ఊరేగింపులో ముందు నడిచింది, మోసిన కుర్రాడికి అరగంట ముందు నేనే అన్నీ చూపించాను. రెండోది పందిరి గుంజకి వేలాడదీశారు. భోజనాలు అవుతుండగా ఎవరో పెద్దమనిషి దాని దగ్గరికి వెళ్లి, వెలుగు తగ్గిందనుకుని కాబోలు, అలవాటైన చేత్తో పంపు హ్యాండిల్ విప్పి గబగబా కొట్టడం మొదలుపెట్టారు. గాలి అడుగు కన్నంలోంచి తుస్సుమంటూ పోతూనే ఉంది. ఇరవై సార్లు కొట్టి, గేజ్ కేసి చూసి, ముల్లు కదలకపోయేసరికి వదిలేసి వెళ్లి విస్తరి ముందు కూర్చున్నారు.